విశాఖ చుట్టుపక్కల పిట్టలు చూడడానికి 8×42 బైనాక్యులర్: వానాకాలం దాటిన తరువాత రాసిన సమీక్ష

పిట్టలను చూసే సరదా ఉన్నవారు, ముఖ్యంగా ఉద్యోగం పని మీదనో పెళ్లిళ్లకనో ఊళ్లు తిరుగుతూ మధ్యలో చిక్కిన గంటా రెండు గంటలను పక్షుల కోసం దాచుకునేవారు, కెమెరా కంటె ముందు కొనవలసింది మంచి బైనాక్యులర్. నేను విశాఖపట్నంలో ఉంటూ, ఇక్కడి అడవిలో, చెరువుల దగ్గర, సముద్రపు ఒడ్డున, అరకు దారిలో వాడుతున్న 8×42 బైనాక్యులర్ గురించి ఈ సమీక్ష. దీనిని రూ. 12,000 లోపు ధరకు ఆన్‌లైన్‌లో కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో నా చేతికి వచ్చిన మరి రెండు మూడు రకాలను కూడా పక్కన పెట్టి చూశాను. వాటి కటకాలు, పట్టకాలు, రబ్బరు తొడుగు అన్నీ దాదాపు ఒకే పోలికలో ఉన్నాయి. అందువల్ల కింద రాసిన మంచి చెడులలో చాలావరకు ఈ తరగతి మొత్తానికి వర్తిస్తాయని అనుకుంటున్నాను. పెట్టిన డబ్బుకు ఇది తగిన వస్తువే. దీని ఓపిక ఏపాటిదో మాత్రం మన కోస్తా గాలిలోనే తేలుతుంది.

ముందుగా అంకెల సంగతి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందువైపు కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. కొనేవారిలో చాలామంది మొదటి అంకెను మాత్రమే చూస్తారు, అది ఎంత పెద్దదైతే అంత గొప్పదనుకుంటారు. జగదాంబ కూడలి చుట్టుపక్కల నేను విచారించిన దుకాణాలలో ముందుగా బల్ల మీదికి వచ్చినవి 20×50లు, అవీ ముందు కటకాలు కెంపు రంగులో మెరిసేవి. ఆ ఎర్రటి పూత చూడడానికి ఖరీదుగా ఉంటుంది కానీ, అది ఎరుపు వెలుగును బయటికే తిప్పి పంపుతుంది గనుక లోపల కనిపించే దృశ్యానికి ఆకుపచ్చ, నీలి ఛాయ పట్టుకుంటుంది. రంగును బట్టి పిట్టను గుర్తించవలసిన పనికి ఇంతకంటె పెద్ద అవలక్షణం లేదు. పైగా ఇరవై రెట్లు పెంచే పరికరం చేతి వణుకును కూడా ఇరవై రెట్లు పెంచుతుంది. స్టాండు లేకుండా దానితో కొమ్మ మీది పిట్టను చూడబోతే కొమ్మే నిలకడగా కనిపించదు.

దుకాణంలో నిలబడే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. బైనాక్యులర్‌ను కంటికి అడుగు దూరంలో పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి చూస్తే, కంటివైపు కటకం మధ్యలో చిన్న వెలుగు బిళ్ల కనిపిస్తుంది. అది అంచు చెదరకుండా గుండ్రంగా ఉంటే లోపలి పట్టకాలు బ్యాక్-4 రకం గాజువి అయి ఉంటాయి. బిళ్ల అంచులు నలుపలకలుగా బూడిదరంగులో కోసుకుపోయినట్టుంటే సాధారణంగా అవి చవకైన బీకే-7 గాజువి. ఆ బిళ్ల వ్యాసం ఎంతో చెప్పడం సులువు: ముందు కటకం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే సరి. 8×42లో అది 5.25 మిల్లీమీటర్లు, 10×42లో 4.2, 20×50లో 2.5 మాత్రమే. జేబులో పట్టే 10×25లో కూడా అంతే. పరికరం నుంచి కంటిపాపలోకి వెళ్లే వెలుగు ఈ బిళ్ల మేరే. కంటిపాప చీకట్లో విచ్చుకుంటుంది, ఎండలో ముడుచుకుంటుంది. పట్టపగలు రెండున్నర మిల్లీమీటర్ల బిళ్ల సరిపోతుంది. పిట్టలు తిరిగే వేళ పట్టపగలు కాకపోవడమే చిక్కు.

కాగితం మీద పొడిగా కనిపించే ఈ లెక్కకు ప్రాణం వచ్చేది కంబాలకొండలో. జాతీయ రహదారి 16ను ఆనుకుని ఉన్న ఈ అభయారణ్యం 1970లో అటవీశాఖ అధీనంలోకి వచ్చింది. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. రహదారి మీద లారీల మోత వినిపిస్తూ ఉండగానే లోపల చెట్ల కింద నీడ ఎంత దట్టంగా ఉంటుందంటే, బయట ఎండ ఎక్కిన తరువాత కూడా నేల మీద ఇంకా తెల్లవారనట్టే ఉంటుంది. ఎండలు ముదిరిన నెలలలో ఇక్కడ అందరూ వెతికేది పొన్నంకి పిట్టను. అది ఎత్తైన కొమ్మల మీద కూర్చునే పక్షి కాదు, రాలిన ఆకులను ముక్కుతో తిరగేస్తూ, పురుగులు ఏరుకుంటూ నేల మీద గెంతుతూ తిరుగుతుంది. తెల్లవారుతుండగా, పొద్దు వాలుతుండగా రెండు స్వరాల ఈల వేస్తుంది. ఈల విని ఆ వైపు నిలబడితే, మామూలు కంటికి కనిపించేది ఎండుటాకుల మధ్య కదిలే మరో ఎండుటాకు మాత్రమే.

ఈ బైనాక్యులర్‌లో అదే దృశ్యం ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి. ముందుగా కంటి మీదుగా వెనక్కి సాగిన నల్లటి పట్టీ, దాని పైన తెల్లటి కనుబొమ గీత కనిపిస్తాయి. పిట్ట పక్కకు తిరిగితే వీపు మీది ఆకుపచ్చ, భుజం దగ్గర మెరిసే నీలం విడివిడిగా తెలుస్తాయి. పొట్టి తోక కింద, పొట్ట చివర ఉన్న కుంకుమ రంగు మచ్చ, అది ముందుకు వంగినప్పుడు మాత్రమే, ఒక్క క్షణం బయటపడుతుంది. నవరంగ్ అనే పేరు దీనికి ఊరికే రాలేదు. ఆ నీడలో అదే పిట్టను పక్కన ఉన్నవారి 10×25తో చూస్తే ఆకారం పెద్దదిగానే ఉంది కానీ, నీలమూ ఆకుపచ్చా కలిసిపోయి ముదురు మచ్చలా మిగిలాయి. ఈ ఒక్క తేడాకే నేను ఈ వస్తువుకు సగానికి పైగా మార్కులు వేస్తాను.

చూపు వెడల్పు రెండో గుణం. వెయ్యి మీటర్ల దూరాన 129 మీటర్ల మేర కనిపిస్తుందని దీని మీద అచ్చు వేసి ఉంది. అంటే పది మీటర్ల దూరంలోని పొద వైపు తిప్పితే మీటరుకు పైగా మేర ఒక్కసారిగా కళ్లలో పడుతుంది. పది రెట్ల రకాలలో ఈ మేర సాధారణంగా ఇంతకంటె తక్కువ. కంబాలకొండ దారిలో రాకెట్ (బ్యాడ్మింటన్ బ్యాట్) తోక డ్రోంగో కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంటే దాని తోక చివర్ల రెండు ఈకలు దానికి అతకనట్టుగా వెనకాల తేలుతూ వస్తాయి. అలాంటి పిట్టను దృష్టి తప్పకుండా వెంబడించడానికి రెట్ల కంటె వెడల్పే ఎక్కువ ఉపయోగం. రహదారి పక్క కరెంటు తీగ మీద బుద్ధిగా కూర్చునే పసులపోలిగాడి లాంటి వాటికి ఏ బైనాక్యులరైనా చాలు, వాటిని చూపించి ఏ వస్తువునూ మెచ్చుకోకూడదు.

కళ్లద్దాలు పెట్టుకునేవారికి ఒక మాట. కంటివైపు కప్పులను లోపలికి తిప్పేస్తే కళ్లద్దాలతోనే మొత్తం దృశ్యం కనిపించాలి. ఇందులో కన్నును కటకానికి 17 మిల్లీమీటర్ల దూరంలో ఉంచినా అంచులు నల్లబడవు, నా కళ్లద్దాలకు అది సరిపోయింది. పదిహేను కంటె తక్కువ ఉన్నవి కళ్లద్దాలవారు కొనకపోవడం మేలు. కుడి కంటి దగ్గరి ఉంగరాన్ని తిప్పి రెండు కళ్ల చూపును ఒకసారి సరిచేసుకుంటే చాలు. కానీ సంచిలో పడేసి తీసినప్పుడల్లా ఈ ఉంగరం కదిలిపోతున్నది, దానికి తాళం లేకపోవడం లోపమే. నేను సరైన చోట తెల్ల రంగు చుక్క పెట్టుకున్నాను.

కొండకర్ల ఆవలో ఈ బైనాక్యులర్ బలమూ బలహీనతా రెండూ ఒకే పూటలో బయటపడ్డాయి. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిన ఈ మంచినీటి సరస్సు, రాష్ట్రంలో కొల్లేరు తరువాత చెప్పుకోదగినది. ఇక్కడ రెండు తాటి దోనెలను జతగా కట్టి, వెనక ఒకరు గడకర్రతో నెడుతూ తీసుకెళతారు. గట్టు మీద నిలబడి నీటి మధ్యలోని బాతుల గుంపును చూస్తే ఎనిమిది రెట్లు చాలవు. సూదితోక బాతులేవో, మిగిలినవేవో దేహపు తీరును బట్టి ఊహించవలసిందే తప్ప ఈకల వివరాలు అందవు. ఆ దూరానికి స్టాండు మీద బిగించే స్పాటింగ్ స్కోప్ కావాలి. దానిని బస్సులో, రైలులో మోసుకు తిరగడం ప్రయాణికుడికి అయ్యే పని కాదు. మేఘాద్రి గెడ్డ జలాశయం గట్టు మీద కూడా ఇదే చిక్కు.

దోనె ఎక్కిన తరువాత మాత్రం లెక్క తారుమారు అవుతుంది. నీటి మీద ప్రతి కదలికకూ దోనె ఊగుతుంది. పది రెట్ల బైనాక్యులర్ తెచ్చుకున్నవారు దానిని దించి ఒళ్లో పెట్టుకున్నారు, ఎనిమిది రెట్లది మోచేతులను పక్కటెముకలకు ఆనిస్తే నిలకడగానే ఉంది. దోనె నడిపే పెద్దాయన నా వైపు చూసి, "అదిగోండి బాబూ, ఆ తుంగ కాడ పిల్లల్తో తిరుగుతంది" అన్న తరువాత నాకు ఆ జకానా కనిపించింది; ఆయన చేతిలో గడకర్ర తప్ప ఏమీ లేదు. తామరాకుల మీద నడిచే ఈ పిట్ట కాలి వేళ్లు ఒళ్లుతో పోలిస్తే ఎంత పొడవో దగ్గరగా చూస్తే తప్ప నమ్మలేం. ఒక్కొక్క వేలూ ఆకు మీద విడిగా పరుచుకుంటుంది, బరువు పడిన చోట ఆకు అంచు కొద్దిగా కుంగి నీరు పైకి చిమ్ముతుంది, ఆ నీటిబొట్టు ఆకు మధ్యకు దొర్లిపోతుంది. కంటి పైన తెల్లటి గీత స్పష్టంగా ఉంది గనుక అది కంచు రెక్కల జకానా అని తేలింది. పిల్లల వెంట ఉన్నది తండ్రే అనుకోవాలి, ఎందుకంటే ఈ జాతిలో పొదగడం, పిల్లలను సాకడం, అవసరమైతే రెక్కల కింద ఇరికించుకుని తీసుకుపోవడం అన్నీ మగపక్షి పనులే. రెండు మీటర్ల దగ్గరలోని వస్తువు మీద కూడా దీని చూపు కుదురుతుంది. దోనె పక్కనే తుంగ కాడ మీద వాలిన తూనీగ రెక్క నరాలు కూడా చూడగలిగాను.

అరకు వెళ్లేవారు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెలో కూర్చుని దారంతా పిట్టలను చూడవచ్చని ఆశపడవద్దు. 2017లో మొదలైన ఈ పెట్టె లోయలను చూడడానికి బాగుంటుంది కానీ, మందపాటి గాజు గుండా ఏటవాలుగా చూసినప్పుడు ఎంత మంచి బైనాక్యులర్ అయినా దృశ్యం అలుక్కుపోతుంది. బండి కుదుపు సరేసరి, యాభైకి పైగా ఉన్న సొరంగాలు కంటిని చీకటికీ వెలుగుకూ మార్చి మార్చి అలసిపోయేలా చేస్తాయి. రైలు ఆగినప్పుడు తలుపు దగ్గరికి వెళ్లి చూసుకోవడమే దారి. అసలు పని అనంతగిరి దగ్గర కాఫీ తోటలలో. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల పైకొమ్మలలో ఎర్రటి మినివెట్లు గుంపుగా తిరుగుతుంటే, ఆకాశం వెనక ఉన్నందున వాటి రంగు నలుపుగా మారే ప్రమాదం ఉంటుంది. ఇక్కడ ఈ బైనాక్యులర్ కొంత తడబడింది. నల్లటి కొమ్మ అంచు వెంబడి పలచని ఊదా రంగు చార కనిపించింది. ఈ ధరలో ఇది మామూలే. దృశ్యం మధ్యలో తక్కువగా, అంచులలో ఎక్కువగా ఉంటుంది.

ఈ కొండల ప్రస్తావన వచ్చింది కనుక విశాఖవాసి కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారిని తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. ఆయన అమెరికా పక్షిశాస్త్రవేత్తలు డిల్లన్ రిప్లే, బ్రూస్ బీహ్లర్‌లతో కలిసి ఈ కనుమల పక్షులపై చేసిన పరిశీలనలు 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చాయి. ఇక్కడ దొరికిన అబ్బాట్స్ బాబ్లర్ ఉపజాతికి 1985లో ఆయన పేరు మీదనే 'కృష్ణరాజుయి' అని పేరు పెట్టారు. మట్టిరంగులో ఉండి, దట్టమైన పొదల అడుగున తిరిగే ఆ పిట్టకు బైనాక్యులర్ కంటె చెవి ఎక్కువ పనిచేస్తుంది. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల వారి మెర్లిన్ ఆప్‌లో ఈ ప్రాంతపు ప్యాక్‌ను ఇంట్లోనే దించుకుంటే, సిగ్నల్ లేని కొండల మీద కూడా కూతలను పోల్చి చూసుకోవచ్చు. నా అభిప్రాయంలో బైనాక్యులర్ మీద మరో ఐదు వేలు పెట్టడం కంటె చెవికి ఈ సాధన చేయించడం లాభం.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, తేమ. విశాఖ గాలిలో ఏడాది పొడుగునా తేమ ఎక్కువే. కటకాల మీద బూజు పట్టడానికి ఇంతకంటె అనువైన చోటు ఉండదు. బూజు ఒకసారి లోపలికి చేరితే సాలెగూడు లాంటి సన్నని దారాలుగా పాకి గాజు పూతను తినేస్తుంది. తుడిచినా మచ్చ మిగులుతుంది. ఈ రకంలో లోపల నైట్రోజన్ నింపి మూసివేశారు. వానాకాలం అంతా వాడిన తరువాత, మసక చీకట్లో టార్చి వేసి వెనక నుంచి పరీక్షగా చూస్తే లోపల ఒక్క దారం కూడా కనిపించలేదు. ఇది కంపెనీ మాట నిలబెట్టుకున్న విషయం. అయినా నేను దానిని వాళ్లిచ్చిన గుడ్డ సంచిలో ఉంచను. ఆ సంచి తడి పీల్చుకుని దాచుకుంటుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడతాను. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే వాటి పని అయిపోయినట్టు. సన్నని సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలానికి వస్తాయి.

బయటి తేమకు నైట్రోజన్ చేయగలిగింది లేదు. ఏసీ గదిలో రాత్రంతా ఉన్న బైనాక్యులర్‌ను తెల్లవారి బయటికి తీయగానే చల్లటి గాజు మీద ఆవిరి పట్టి పది నిమిషాలపాటు ఏమీ కనిపించదు, సరిగ్గా పొన్నంకి పిట్ట కూసే పది నిమిషాలు అవే. కారులో అయితే దిగడానికి కాస్త ముందే ఏసీ ఆపి కిటికీలు దించడం మంచిది. ఇక బీచ్ రోడ్డులోనూ, చేపల రేవు దగ్గరా గంటసేపు తిరిగితే చాలు, కటకం మీద ఉప్పు పొర కట్టి జిడ్డుగా అవుతుంది. చలికాలంలో అక్కడ గోధుమరంగు తల సముద్రపు కాకులు, గరుడ పక్షులు పడవల చుట్టూ తిరుగుతాయి గనుక వెళ్లకుండా ఉండలేం. ఉప్పును పొడిగుడ్డతో రుద్దితే గాజు గీసుకుపోతుంది. ముందు గాలి ఊది, తరువాత మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది, చివరికి ఆరిన గుడ్డతో తుడవాలి. ఒక హెచ్చరిక కూడా: ఇది తూర్పు నావికాదళ కేంద్రస్థానం. ఓడరేవు, డాల్ఫిన్స్ నోస్ వైపు నౌకాదళ స్థావరాల మీదికి బైనాక్యులర్ ఎత్తి నిలబడితే, గరుడ పక్షిని చూస్తున్నామని ఎంత నిజం చెప్పినా నమ్మించడం కష్టం.

లోపాలలో మొదటిది మెడపట్టీ. 650 గ్రాముల బరువు కాగితం మీద తక్కువే కానీ, పెట్టెలో వచ్చిన సన్నని నైలాన్ పట్టీ చెమటకు మెడను ఒరుసుకుని ఎర్రగా చేస్తుంది. భుజాల మీదుగా తొడుక్కునే పట్టీ విడిగా కొనక తప్పలేదు. ముందు కటకాల రబ్బరు మూతలు వదులుగా ఉన్నాయి, ఒకటి అడవిలోనే పోయింది. చూపు కుదిర్చే చక్రం వేసవిలో సాఫీగా తిరుగుతుంది గానీ, అరకు చలిలో బిగుసుకుపోయి, దగ్గరి పిట్ట నుంచి దూరపు పిట్టకు మార్చేలోపు అది ఎగిరిపోతున్నది. మరమ్మతు సంగతి అడిగితే, విశాఖలో సేవాకేంద్రం లేదనీ, కొరియర్‌లో మరో రాష్ట్రానికి పంపాలనీ, వెళ్లిరావడానికి ఖర్చు నాదేననీ సమాధానం వచ్చింది. ఐదేళ్ల వారంటీ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసినవారు ఈ మాట కూడా వేసి ఉంటే బాగుండేది.

ఇంత పెట్టలేనివారికి ఇందులో సగం ధరకే పాతకాలపు పోరో పట్టకాల 8×40లు దొరుకుతాయి. భుజాలు వెడల్పుగా, మోటుగా ఉంటాయి కానీ వాటి దృశ్యం ఈ ధరలోని సన్నటి రకాలకు తీసిపోదు. కొన్నిసార్లు లోతు ఇంకా బాగా తెలుస్తుంది. చవకరకాలలో చాలావాటికి నీటి నుంచి రక్షణ ఉండదు. అది కొనేవారు సిలికా జెల్ డబ్బాను కూడా అదే రోజున కొనుక్కోవాలి, జూన్ నుంచి డిసెంబరు దాకా వారానికి ఒకసారి గుళికల రంగు చూసుకుంటూ ఉండాలి.